గడ్డి మీద పెట్టిన పెట్టె

మా ఊరు చూడడానికి వచ్చేవాళ్ళకి ఏమేం చూడాలో చెప్పే మనిషి ఎల్రాయ్ స్టకర్ట్. జీతం లేదు. బస్సులు ఆగేచోట, టికెట్ల కిటికీ పక్కన ఒక మడత బల్ల, ఒక కుర్చీ, 'అడగండి' అని రాసిన అట్టముక్క. అదే వాడి కార్యాలయం. అంతకుముందు ముప్పై నాలుగేళ్ళు కాలేజీ బాయిలర్ల దగ్గర పనిచేశాడు. విస్కాన్సిన్ చలికాలంలో పన్నెండు వేలమంది పిల్లలు కోట్లు విప్పుకుని పాఠాలు విన్నారంటే, నేలకింద ఆవిరి గొట్టాల మధ్య ఎల్రాయ్ చొక్కా తడిసిపోయిందన్నమాట. డెబ్బై ఎనిమిదిలో పడ్డ చలికి కోర్టు గోపురం మీది ఇత్తడి మనిషి కిందికి దిగి, ఎదురుగా ఉన్న బేకరీలో కాఫీ తాగి, మళ్ళీ ఎక్కాడు. నమ్మకం లేకపోతే బేకరీ వాళ్ళని అడగండి. అది మూతపడి ఇరవై ఏళ్ళయింది గానీ, అడగడంలో తప్పులేదు.

ఎల్రాయ్, నేనూ ఒకే కాన్వెంటులో, సిస్టర్ ఫిలొమీనా చేతికింద చదువుకున్నాం. ఆవిడ స్కేలు తీసుకుని బల్లమీద కొడితే సరస్సులో చేపలు పైకి తేలేవి. అబద్ధం చెప్పినందుకు ఎల్రాయ్ ఒక్కసారి ఆ స్కేలు దెబ్బ తిన్నాడు. మళ్ళీ ఆ పని చెయ్యలేదు. నేను తిన్నవి ఎన్నో నాకే తెలియదు. అందుకే మా ఇద్దరిలో నిజాలు వాడి వంతు, కథలు నా వంతు అయ్యాయి.

బల్ల దగ్గరికి ఎవరొచ్చినా వాడు ఒకటే వరస చెప్పేవాడు. చిన్న కాగితం మీద రాసి ఇచ్చేవాడు కూడా. ముందు డైరీ వీధిలో తాజా చీజ్ ముక్కలు కొనండి. నమిలితే పళ్ళకింద కీచుమనాలి. మధ్యాహ్నం దాటితే మూగబోతాయి, అప్పుడు తిన్నా ఒకటే తినకపోయినా ఒకటే. తరవాత గంటల గోపురం ఎక్కండి. తరవాత సరస్సు గట్టున కూర్చుని, కాలేజీ ఆవుల పాలతో చేసిన ఐస్‌క్రీమ్ తినండి. శుక్రవారమైతే సాయంత్రం ఆరింటికి లిండెన్ హాలుకి రండి, వేయించిన చేప, బంగాళదుంప అట్లు, క్యాబేజీ తురుము. నేను కాన్సర్టినా వాయిస్తాను, అనేవాడు.

కాన్సర్టినా అంటే మీ హార్మోనియానికి దూరపు చుట్టం. రెండు చేతుల మధ్య పట్టుకుని తిత్తిని లాగుతూ, నొక్కుతూ వాయిస్తారు. ఎల్రాయ్‌ది వాళ్ళ నాన్నది. నలభై ఒక్క ఏళ్ళుగా లిండెన్ హాల్లో ఒక్క శుక్రవారం కూడా ఆ పెట్టె మోగకుండా పోలేదు. వాడికీ, వాళ్ళావిడ ఆర్డిస్‌కీ పెద్దకూతురు పుట్టింది శుక్రవారం సాయంత్రమే. ఆస్పత్రిలో పిల్లని చూసి ఏడింటికల్లా హాలుకొచ్చి వాయించాడు.

ఆగస్టు నెల నడిమధ్యలో వచ్చినవాళ్ళకి ఎల్రాయ్ ఇంకొక మాట చెప్పేవాడు. మా ఊళ్ళో కాలేజీ పిల్లల అద్దె గదులన్నిటికీ గడువు ఒకే రోజు తీరుతుంది, పధ్నాలుగో తేదీ. ఆ రోజు ఊరు ఊరంతా మంచాలూ, దీపాలూ, సోఫాలూ మెట్లమీద మోస్తూ కనిపిస్తుంది. కాలిబాటకీ రోడ్డుకీ మధ్య గడ్డి పట్టీ ఉంటుందే, అక్కర్లేనివన్నీ దాని మీద పెట్టేస్తారు. దాని మీద పెట్టింది ఎవరు తీసుకుంటే వాళ్ళది.

"అడగక్కర్లేదండీ," అనేవాడు ఎల్రాయ్. "అడిగితేనే మావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు."

నిజమే. మా భోజనాల బల్లకున్న నాలుగు కుర్చీలూ నాలుగు వీధులవి. ఒక ఏడు గడ్డిమీది సోఫాలో ఒక కుర్రాడు నిద్రపోతుంటే సోఫాతో సహా ఎత్తుకుపోయారు. ఇప్పుడతను ఆ ఎత్తుకుపోయినవాళ్ళ ఇంటి అల్లుడు.

కిందటి ఏడు పధ్నాలుగో తేదీ శుక్రవారం పడింది. పొద్దున్న పదకొండున్నరకి ఎల్రాయ్ మా ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో ఉంది, మొహంలో నెత్తురు లేదు.

"క్లెమ్, బండి తాళాలు తియ్యి."

"ఏమైందిరా? ఆర్డిస్ బాగానే ఉందా?"

"ఆర్డిస్ బానే ఉంది. పెట్టె పోయింది."

"ఏ పెట్టె?"

"నాకెన్ని పెట్టెలున్నాయిరా!"

విషయం ఇదీ. ఒక మీట బిగుసుకుపోతుంటే కాన్సర్టినాని బాగుచేయించి, తీసుకుని నడిచి వస్తున్నాడు. స్ప్రూస్ వీధిలో ఒక పిల్ల రెండో అంతస్తు మెట్ల మలుపులో సోఫాకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఎల్రాయ్ అలాంటివి చూసి ఊరుకోలేడు. పెట్టె కింద పెట్టి పైకి పరిగెత్తాడు. పావుగంట తరవాత దిగి చూస్తే పెట్టె లేదు.

"కింద అంటే ఎక్కడ పెట్టావు?"

వాడు చేతిలోని టోపీ వంక చూశాడు.

"ఒరే ఎల్రాయ్. గడ్డి మీద పెట్టలేదని చెప్పు."

"కాలిబాట మీద పెడితే నడిచేవాళ్ళకి అడ్డం కదరా."

నేను నవ్వానని ఒప్పుకుంటున్నాను. ఎవరికీ అడ్డం కాకూడదని బతికే మా ఊరి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటది. వేరే ఊరి మనిషైతే మెట్లకి అడ్డంగా పెట్టి పోయేవాడు. పెట్టె భద్రంగా ఉండేది.

"నవ్వకురా," అన్నాడు. "ఆరింటికి వాయించాలి."

సోఫా పిల్ల కిటికీలోంచి చూసిందట. ఎర్ర టోపీ పెట్టుకున్న పొడుగాటి మనిషి, టోపీ మీద మొక్కజొన్న కంకి బొమ్మ. ఆ టోపీని ఎల్రాయ్ పొద్దున ఎనిమిదింటికే చూశాడు. నెబ్రాస్కా నుంచి వచ్చిన కుబిచెక్ అనే ఆయన, కూతుర్ని కాలేజీలో చేర్చడానికి పెళ్ళాంతో సహా వచ్చి, బల్ల ముందు నిలబడి ఏం చూడాలని అడిగాడు. ఎల్రాయ్ కాగితం రాసిచ్చాడు. గడ్డి సంగతి కూడా చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు.

"అయితే ఇంకేం," అన్నాను. "నీ కాగితం పట్టుకుని తిరుగుతుంటారు. మనమూ అదే దారిన పోదాం."

డైరీ వీధిలో చీజ్ కొట్టు వాళ్ళు, ఎర్ర టోపీ ఆయన రెండు పొట్లాలు కొన్నాడనీ, ముక్క కీచుమన్నప్పుడల్లా ఆయన ఒక్కడే పకపకా నవ్వాడనీ, పక్కనున్న పిల్ల మాత్రం నోరు తెరవలేదనీ చెప్పారు. గంటల గోపురం దగ్గర ఎల్రాయ్ మోకాలు మొరాయించింది, నేనొక్కణ్ణే నూట తొంభై మెట్లూ ఎక్కి చూసొచ్చాను. అంటే, ఎల్రాయ్‌కి అలా చెప్పాను. మూడో మెట్టు మీద నిలబడి, దిగి వస్తున్న ఒకావిణ్ణి అడిగాను. ఎర్ర టోపీ వాళ్ళు దిగి సరస్సు వైపు వెళ్ళారంది.

గట్టు ఇంకా కనపడకముందే పెట్టె వినపడింది.

ఎల్రాయ్ ఆగిపోయాడు. ఎవరో పాత వాల్ట్జ్ నాట్యపు పాట ఒకటి తడుముకుంటూ వాయిస్తున్నారు. రెండు అడుగులు వెయ్యడం, తప్పటడుగు, మళ్ళీ మొదటికి రావడం. నీళ్ళకి దగ్గరగా ఒక బల్ల చుట్టూ ముగ్గురు. కూతురు ఒళ్ళో పెట్టె ఉంది. పద్దెనిమిదేళ్ళుంటాయి, కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఆమె ఐస్‌క్రీమ్ పక్కన కరిగిపోతోంది.

కుబిచెక్ మమ్మల్ని చూసి లేచి చేతులు చాచాడు. "అరె, మీరా! రండి రండి! మీరు చెప్పినట్టే అయిందండీ. గడ్డిమీద దొరికింది. ఇంత మంచి వస్తువుని పారేసే ఊరు ఎక్కడైనా ఉంటుందా?"

"ఉండదండీ," అన్నాను నేను. ఎల్రాయ్ నా కాలు తొక్కాడు.

కుబిచెక్ మమ్మల్ని కొంచెం పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "మా టెస్సా రెండు రోజులుగా సరిగ్గా తినలేదండీ. నేనుండలేను, మీతో వెనక్కి వచ్చేస్తాను అంటోంది. పొద్దున సామాను కూడా దించనివ్వలేదు. ఇదిగో, ఈ పెట్టె దొరికింది, అప్పట్నించీ నోట మాట వస్తోంది. మా నాన్న వాయించేవాడు. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూచుని నేర్చుకుంది."

నేను ఎల్రాయ్ మొహం చూశాను. అడగరా, ఒక్క మాట అడిగితే అయిపోతుంది అనుకున్నాను. వాడు అడగలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి టెస్సా పక్కన కూర్చున్నాడు.

"బాగుందమ్మా. ఎడమచేతి వైపు ఆ మూలమీట గట్టిగా నొక్కకు. ఇవాళే బాగుచేశారు."

"మీకెలా తెలుసండీ?"

వాడు చేతులు చాచాడు. "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు."

తోలుపట్టీలో ఎడమ చెయ్యి పెట్టాడు. నలభై ఒక్క ఏళ్ళుగా అదే బొటనవేలు రాసుకుని ఆ తోలు ఒకచోట గుంటపడి ఉంది. వాడి వేలు ఆ గుంటలోకి సరిగ్గా వెళ్ళి కూర్చుంది. టెస్సా ఆ వేలినే చూసింది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఇది మీదే కదండీ!"

"పొద్దున పదకొండింటి దాకా," అన్నాడు ఎల్రాయ్.

కుబిచెక్ టోపీ తీసేశాడు. వాళ్ళావిడ నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. "క్షమించండి, మాకు తెలియక..." అని ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. టెస్సా మాత్రం, "మీ చేతిలోనే ఉంది కదా, తీసుకెళ్ళండి," అంది.

"వద్దమ్మా," అని ఎల్రాయ్ పెట్టెని ఆమె ఒళ్ళో పెట్టేశాడు.

"మీదండీ. తీసుకోండి." మళ్ళీ ముందుకు తోసింది.

"అయ్యో, వద్దు."

ఇక్కడ నేను జేబులో బండి తాళాలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. మా వైపు ఎవరేం ఇచ్చినా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. వెంటనే తీసుకుంటే ఆశపోతు, మూడోసారి కూడా వద్దంటే పొగరుబోతు. కుబిచెక్ వాళ్ళ వైపూ ఇదే లెక్క. అందుకే ఆయన అప్పుడే కరచాలనానికి చెయ్యి చాచాడు.

"దయచేసి తీసుకోండి," అంది టెస్సా మూడోసారి.

ఎల్రాయ్ చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. "వద్దు."

కుబిచెక్ చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక బాతు మా బల్లకింద పడ్డ బిస్కెట్టు ముక్క తీసుకుని పోయింది.

"పదిహేనేళ్ళుగా గడ్డిమీదిది అడక్కుండా తీసుకోమని చెబుతున్నానమ్మా," అన్నాడు ఎల్రాయ్. "నా పెట్టె దగ్గరికొచ్చేసరికి మాట మారిస్తే రేపు ఆ బల్ల దగ్గర ఏ మొహం పెట్టుకుని కూర్చోను? పైగా మా ఇంట్లో ఇంకోటి ఉంది."

ఇంకోటి లేదు. వాళ్ళింట్లో ఏ అరలో ఏముందో నాకు తెలుసు. కాన్వెంటు వదిలాక వాడి నోట నేను విన్న మొదటి అబద్ధం అది. సిస్టర్ ఫిలొమీనా ఎక్కడున్నా ఆ స్కేలు పక్కన పెట్టి ఉంటుంది.

టెస్సా నమ్మలేదనుకుంటాను. కాసేపు మీటలవంక చూసి, "నేను ఉంచుకుంటే మీరు నేర్పాలి," అంది. "మా తాతయ్య పాటలు నాలుగే వచ్చు నాకు. అవి కూడా సగం సగం."

"శుక్రవారాలు నాకు ఖాళీయే," అన్నాడు ఎల్రాయ్. "ఇవాళ్టినుంచీ."

"ఇవాళా? ఇవాళ ఎక్కడ?"

"కాగితం చూడమ్మా. నాలుగోది."

ఆరింటికి లిండెన్ హాలు నిండిపోయింది. అరుగు మీది కుర్చీలో ఎల్రాయ్‌కి బదులు ఎవరో పిల్ల కూర్చుని ఉండేసరికి అందరూ చేప తినడం మానేసి చూశారు. ఎల్రాయ్ గోడవారగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఆర్డిస్ తిన్నగా వాడి దగ్గరికొచ్చింది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. గొంతు చివరి సీటుదాకా వినపడుతుంది.

"నీ పెట్టె ఏదీ?"

"ఆ అమ్మాయి దగ్గరుంది."

"ఆ అమ్మాయి దగ్గరెందుకుంది?"

ఎల్రాయ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. గడ్డి, సోఫా, కాగితం, అన్నీ. ఆర్డిస్ వింటూ వాడి చొక్కా కాలరు సర్దింది.

"మీ నాన్న పెట్టె," అంది.

"తెలుసు."

"ఏడ్చావా?"

"బండిలో కొంచెం. క్లెమ్ చూడలేదు."

చూశాను. ఆ మాట ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

అప్పుడు టెస్సా మొదలుపెట్టింది. పోల్కా, జంటలు గిరగిరా తిరుగుతూ ఆడే పాట. ఉండాల్సినదానికంటే జోరుగా, రెండుచోట్ల తప్పుగా, కానీ నేలపలకలు కదిలేలా వాయించింది. జనం లేచారు. నేనూ లేచి, కోటు సర్దుకుని, ఆర్డిస్ వైపు చెయ్యి చాచాను. ఆ హాల్లో మొదటి పోల్కా ఎప్పుడూ మాదే. అరుగు మీద వాయించే మనిషి కిందికి దిగి పెళ్ళాంతో ఆడలేడు కదా. మా ఆవిడ లొరెట్టాకి నాట్యం అంటే తలనొప్పి. అందుకని ఇన్నేళ్ళూ ఆర్డిస్‌తో నేనే ఆడాను.

ఆవిడ నా చేతిని ఎంతో మర్యాదగా పక్కకి జరిపింది.

"నువ్వు కూర్చో క్లెమ్. చేప చల్లారిపోతుంది." తరవాత మొగుడి వైపు తిరిగింది. "లే."

"నిలబడే ఉన్నాను కదా."

"అయితే రా."

"ఆర్డిస్, నాకు రాదు."

"ఏం రాదు?"

"ఆడడం. ఎప్పుడైనా ఆడితే కదా!"

అది అబద్ధం కాదని ఐదు నిమిషాల్లో హాలంతటికీ తెలిసింది. మూడు వేల పోల్కాలు వాయించిన మనిషికి ఏ కాలు ముందు వెయ్యాలో తెలియదు. కుడివైపు తిరగాల్సినప్పుడు ఎడమవైపు తిరిగి ఫాదర్ డోర్న్ గారి చేతిలోని పళ్ళెం పడగొట్టాడు. ఆర్డిస్ కాళ్ళు ఎన్నిసార్లు తొక్కాడో లెక్కపెట్టడం నేను పదమూడు దగ్గర మానేసి, వాడి వంతు చేప కూడా తినేశాను.

అరుగు మీద టెస్సా వాణ్ణి చూసి నవ్వుతోంది. తప్పు మీట నొక్కింది, ఆగలేదు. కుబిచెక్ వాళ్ళావిడ భర్త చెవిలో, సామాను గదిలోకి దించేద్దామా అంటోంది.

రెండో పాట అయ్యాక ఎల్రాయ్ రొప్పుతూ వదిలెయ్యమని బతిమాలాడు. ఆర్డిస్ వంగి, తన బూట్ల తాళ్ళు విప్పి, బూట్లు రెండూ తెచ్చి నా పళ్ళెం పక్కన పెట్టింది. మేజోళ్ళతో మళ్ళీ నేల మధ్యకి వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడు రా," అంది. "ఎంత తొక్కుతావో తొక్కు."