ఒట్టి జొన్నపిండి

నల్గొండలో గడియారం సెంటర్ దాటి దవాఖానలున్న రోడ్డులోకి తిరిగితే, సాయంత్రం ఐదింటికల్లా ఒక చప్పుడు వినిపిస్తుంది. టప టప టప. ఒక్క క్షణం ఆగి మళ్లీ టప టప. ఆటోల మోతలో కూడా అది విడిగా తెలుస్తుంది. ఆ చప్పుడు బషీరున్నీసా అరచేతులది. ఊరంతా బషీరమ్మ అనే పిలుస్తుంది. పదేళ్లకు పైగా అదే జాగాలో, అదే వేప చెట్టు మొదట్లో బండి పెట్టి జొన్నరొట్టెలు చేస్తోంది.

ఆమె పుట్టింది ఊరి పక్కనే ఉన్న పానగల్‌లో. ఆ ఇంట్లో జొన్నరొట్టె రోజూ తినేదే గాని నలుగురికి చూపించుకునేది కాదు. చుట్టాలు వస్తున్నారని తెలిస్తే తల్లి రొట్టెల గంప మీద గుడ్డ కప్పేసి, పక్కింట్లో బియ్యం బదులు అడిగి తెచ్చి అన్నం వండేది. అన్నం తినేవాళ్లు ఉన్నవాళ్లు, రొట్టె తినేవాళ్లు లేనివాళ్లు. అప్పట్లో లోకం లెక్క అది. బషీరమ్మకు ఆటో నడిపే ముజఫ్ఫర్‌తో పెళ్లై నల్గొండకు వచ్చేసరికి అత్తగారింట్లో రేషన్ బియ్యం పుణ్యమా అని రెండు పూటలా అన్నమే. తమ ఇంట్లో రొట్టెలు ఎప్పుడో బందయినాయని అత్త వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేది. కొత్త కోడలికీ అది గొప్పగానే అనిపించింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న, రొట్టెలు కాల్చే ఇనుప పెంక అటకెక్కింది. ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ దాన్ని కిందికి దించలేదు.

దించవలసి వచ్చింది తెలంగాణ వచ్చిన ఏడాది. ఆ వానాకాలంలో ముజఫ్ఫర్ ఆటో స్టాండులో కళ్లు తిరిగి పడ్డాడు. దవాఖానలో షుగరన్నారు. రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తినమన్నారు. ముజఫ్ఫర్‌కు నవ్వొచ్చిందట. ఇంటిదాకా నవ్వుతూనే వచ్చి, మీ అమ్మ దాచిపెట్టిన రొట్టెలు డాక్టరు కాగితం మీద రాసిచ్చాడని భార్యతో చెప్పాడు. బషీరమ్మ పెంక దించి చిలుము గీకింది. మొదటి రోజు రొట్టెలు అంచుల్లో పగిలాయి. రెండో రోజు కొంచెం నయం. మూడో రోజుకు చేతులకు పాత సంగతి గుర్తొచ్చింది. తడిచెయ్యి అద్దుకుంటూ పీట మీద తిప్పి తిప్పి కొడుతుంటే రొట్టె దానంతటదే పెరిగినట్టు పెరిగింది, పెంక మీద పూరీలా పొంగింది.

ముజఫ్ఫర్ డబ్బాలో కట్టుకుపోయిన రొట్టెలు స్టాండులో నలుగురూ రుచి చూశారు. వాళ్లలో సగం మందికి షుగరుంది. నాకు రెండు, నాకు మూడు అని మొదలైంది. దవాఖానలో పనిచేసే కంపౌండరు కూడా అడిగాడు. ఆ సంవత్సరం దాటకముందే బషీరమ్మ బండి వేప చెట్టు కిందికి వచ్చేసింది.

మొదట్లో జనం కొంచెం సిగ్గుపడుతూ కొనేవాళ్లు. పేపర్లో చుట్టమని, పైన ఇంకో కవరు వేయమని అడిగేవాళ్లు. మూడు నాలుగేళ్లకు ఆ సిగ్గు ఎటు పోయిందో పోయింది. బ్యాంకు సార్లు, టీచరమ్మలు, కోర్టు గుమస్తాలు స్కూటర్లు ఆపి వరుస కట్టారు. తర్వాత జిమ్ముకు పోయే పిల్లలు వచ్చారు. కొత్త కాపురాల ఆడపిల్లలైతే, మా అవ్వ చేసేది గాని మాకు రాదమ్మా అని చెప్పి నిలబడేవాళ్లు. ఎనిమిదింటికి పొయ్యి వెలిగించుకునే ఊరు ఇప్పుడు ఆరింటికే రొట్టెల కవరు హ్యాండిలుకు తగిలించుకుని ఇంటికి పోతోంది. బషీరమ్మకు మనుషుల పేర్లు అంతగా గుర్తుండవు. రెండు రొట్టెల సారు, నాలుగు రొట్టెల మేడం, పప్పు వద్దనే ముసలాయన, అంతే. కరోనాలో బండి ఆగినప్పుడు ఆ రెండు రొట్టెల సారే ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కిటికీలోంచి చెయ్యి చాపాడు. కోడలు మెహ్రీన్ అప్పుడే ఫోనులో ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టింది.

అదే రోడ్డు మీద ఇప్పుడు ఏడు రొట్టెల బండ్లున్నాయి. చాలా బండ్ల రొట్టెలు పళ్లెమంత వెడల్పు, దూదిలా మెత్తన, మర్నాటిదాకా విరగవు. బషీరమ్మ రొట్టె మాత్రం రాత్రి దాటితే అప్పడమే. దాని గురించి ఎవరైనా సణిగితే ఆమె జవాబు ఒకటే.

"పొద్దటికి మెత్తగుంటే అది జొన్నరొట్టె కాదు బిడ్డా. గోదుమ కలిపినట్టు."

ఈ పట్టుదల ఊరికే వచ్చింది కాదు. ఒకసారి ఆమెకు జ్వరం వస్తే ముజఫ్ఫర్ వారం రోజులు వేరే బండి దగ్గర తిన్నాడు. జొన్నరొట్టే కదా అని ధీమాగా ఒకటి ఎక్కువే తిన్నాడు. వారం తిరిగేసరికి షుగరు పెరిగి మళ్లీ దవాఖానలో పడ్డాడు. ఆ రొట్టెల్లో సగం గోధుమేనని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి బషీరమ్మ పాలమూరు వైపు రైతుల దగ్గర పచ్చజొన్నలు తెప్పించుకుని, ఏ రోజుది ఆ రోజు పిండి గిర్నిలో పట్టించి, ఒట్టి జొన్నపిండితోనే రొట్టె చేస్తోంది.

పోయిన మాఘమాసంలో కమలాకర్ ఆమె బండి దగ్గరికి వచ్చాడు. నల్గొండలో పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునే మనిషి. ఇప్పుడు పెళ్లి భోజనాల్లో జొన్నరొట్టె స్టాలు లేకపోతే మర్యాదగా ఉండదని, పాలమూరు వైపు కొత్తకోటలో ఒక పెద్ద పెళ్లి ఉందని, జనం కళ్ల ముందే రొట్టె కొట్టి వేడివేడిగా వేయాలని చెప్పాడు. ఇది బాగా జరిగితే సీజను మొత్తం రొట్టెల పని ఆమెకేనన్నాడు. బషీరమ్మకు అరవై దగ్గర పడుతోంది. దుమ్ములో, ఎండలో, వాన పడితే గొడుగు కింద పదేళ్లు నిలబడింది. సీజను పని దొరికితే దుకాణానికి ఒక చిన్న మడిగ కిరాయికి తీసుకుని నీడపట్టున కూర్చోవచ్చని ఆమె ఆశ. మెహ్రీన్ అయితే ఆ మడిగకు ఏ రంగు వేయాలో కూడా అనుకుంది.

ఎన్ని రొట్టెలంటే కమలాకర్ ఎనభై అన్నాడు. బిర్యానీ, వేపుళ్లు, ఐస్‌క్రీము అన్నీ ఉండగా రొట్టె దగ్గరికి ఎందరొస్తారని, అది చూడ్డానికేనని నవ్వాడు. బషీరమ్మ ఎందుకైనా మంచిదని నూట ఇరవైకి సరిపడా పట్టించింది. ఆ ఒక్క లెక్క దగ్గరే ఇద్దరూ పొరపడ్డారు.

కొత్తకోటలో ఆ ఫంక్షన్‌హాలు హైవే పక్కనే ఉంది. రొట్టెల స్టాలు మీద జొన్నరొట్టెలని పెద్ద బోర్డు కట్టారు. బషీరమ్మ నెత్తికి టోపీ, నడుముకు గుడ్డ, చేతులకు పల్చని ప్లాస్టిక్ కవర్లు ఇచ్చారు. టోపీ పెట్టుకుంది, గుడ్డ కట్టుకుంది. కవర్లు వేసుకుని ఒక రొట్టె కొట్టి చూసింది. పిండి కవర్లకు అంటుకుని, రొట్టె పీట మీద సగం, చేతికి సగం. కవర్లు తీసి నడుం గుడ్డలో దోపుకుని, కమలాకర్ చూస్తుండగానే చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

ఒంటిగంటకు భోజనాలు మొదలయ్యాయి. బిర్యానీ దగ్గర పిల్లలు, కుర్రవాళ్లు. నలభై ఐదు దాటిన వాళ్లందరూ ప్లేట్లో మటన్ వేయించుకుని నేరుగా రొట్టెల దగ్గరికి వచ్చారు. వరుస గుమ్మం దాకా పోయింది. చెయ్యి ఆగకుండా కొడుతూనే ఉన్నా వరుస తరగలేదు, గంటన్నరలో ఆమె పిండి అయిపోయింది.

కమలాకర్ మనిషిని పంపి పక్కనున్న దుకాణం నుంచి జొన్నపిండి ప్యాకెట్లు తెప్పించాడు. బషీరమ్మ ఒకటి చించి వేళ్ల మధ్య నలిపింది. ఎప్పుడో నెలల కింద పట్టిన పిండి, జిగి చచ్చిపోయింది. కలిపి కొట్టి చూసింది. ఎత్తబోతే మూడుసార్లూ ముక్కలైంది. వరుసలో వాళ్లు మెడలు చాపి చూస్తున్నారు. కమలాకర్ పూరీల కోసం తెచ్చిన గోధుమపిండి సంచి మోసుకొచ్చి ఆమె పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు.

"సగం సగం కలుపు బషీరమ్మా. మస్తు మెత్తగొస్తయి. గీ గడబిడల ఎవరు చూస్తరు?"

బషీరమ్మ వరుస వైపు చూసింది. మూడో మనిషి భుజం పక్కన ఆయన కూతురు మందుల డబ్బా పట్టుకుని నిలబడింది.

"అన్నం తింటే ఒక లెక్క, రొట్టె తింటే ఒక లెక్క సారూ. గా మనుషులు ఇది చూసుకునే గోలీ ఏసుకుంటరు. గోదుమ కలిపితే కలిపినమని గా బోర్డు మీద రాయి. రాస్తవా?"

కమలాకర్ ముఖం ఎర్రబడింది. పెళ్లికొడుకు తండ్రి చూస్తే తన పరువు పోతుందని, ఇంతమందిని నిలబెట్టి మాట్లాడే మాటలు కావని అన్నాడు. చివరికి అసలు మాట అన్నాడు.

"సీజను మొత్తం నీకే ఇద్దామనుకున్న. ఆలోచించుకో మరి."

ఆమెకు మడిగ గుర్తు రాలేదని కాదు. వచ్చింది. మెహ్రీన్ అనుకున్న రంగు కూడా గుర్తొచ్చింది. గోధుమపిండి సంచిని కాలితో కాదు, రెండు చేతులతో మర్యాదగా ఎత్తి అవతల పెట్టింది. అన్నం వండే దగ్గర మసులుతున్న నీళ్లు రెండు గిన్నెలు తెప్పించమని అడిగింది. తర్వాత వరుస చివరిదాకా వినబడేలా చెప్పింది.

"అయ్యా, అమ్మా, నేను తెచ్చిన పిండి అయిపోయింది. ఇప్పుడొచ్చింది పాత పిండి. మసిలిన నీళ్లల్ల ఉడుకబెడితెనే రొట్టె నిలబడ్తది. జర మందంగొస్తది, జర ఆలస్యమైతది. కని ఒట్టి జొన్నదే. ఆగేటోళ్లు ఆగుండ్రి, ఆకలైతున్నోళ్లు అన్నం దిక్కు పోండ్రి."

కమలాకర్ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇద్దరు కుర్రవాళ్లు బిర్యానీ వైపు పోయారు. మిగిలినవాళ్లు ఒక అడుగు ముందుకు జరిగి నిలబడ్డారు.

ఉప్పు వేసిన మసిలే నీళ్లలో పిండి పోసి, మూత పెట్టి, ఆవిరి పట్టాక ఆమె చేతులు పెట్టింది. కాలింది. చల్లారితే మళ్లీ జిగి రాదు. కాలుతుండగానే పిసికింది. ఈలోగా పట్టుచీరలో ఒక ముసలామె విసవిసా వచ్చింది. పెళ్లికొడుకు నాయనమ్మ, అమృతమ్మ.

"ఏందమ్మా, పెండ్లికొచ్చినోళ్లను గిట్ల నిలబెడ్తున్నవు?"

బషీరమ్మ పిండి ముద్ద చూపించింది. అమృతమ్మ వేలితో నొక్కి చూసింది, ఇంకొంచెం పిసకాలంది. తర్వాత ప్యాకెట్టు అట్టను తిప్పి చూసి, ఇది పశువులు కూడా తినని పిండని దుకాణం వాణ్ణి తిట్టింది. తిట్టడం పూర్తయ్యాక గాజులు తీసి మనవరాలి చేతిలో పెట్టింది.

"జరుగు చెల్లె. ఇంకో పీట ఉన్నదా?"

పీట లేదు. గారెల పిండి మోసే పళ్లెం బోర్లించారు. ఆరు నెలలుగా చెయ్యి పెట్టలేదని చెబుతూనే అమృతమ్మ మొదటి రొట్టె పగలకుండా కొట్టింది. రెండు చప్పుళ్లు కలిశాయి. వరుసలో వాళ్లు ఫోన్లు పైకెత్తారు.

"నీది నల్గొండ చెయ్యి, సన్నగ కొడ్తవు," అంది అమృతమ్మ. "మా పాలమూరోళ్లకు గింత మందముంటెనే కడుపు నిండుతది."

"గందుకే మీదిక్కు జొన్నలు నేను తెప్పిచ్చుకునుడు అక్కా. మందం మీరు ఉంచుకోండ్రి, జొన్నలు మాకియ్యుండ్రి."

వరుసలో నవ్వులు మొదలయ్యాయి. పెళ్లికొడుకు తండ్రి పరుగెత్తుకుంటూ వచ్చి, పెళ్లినాడు ఈ పనేమిటని తల్లిని బతిమాలాడు. ఆమె తలెత్తలేదు. నిన్ను ఈ రొట్టెలతోనే చదివించిన, పోయి పప్పు పట్టుకురా పొమ్మంది. ఆయన నిజంగానే వెళ్లి పప్పు బకెట్టు తెచ్చి వరుసలో వడ్డించాడు. అది చూసి కమలాకర్ నెత్తి మీది చెయ్యి దించి మసిలే నీళ్లు తనే మోశాడు.

మూడున్నరకు వరుస తీరింది. అందరికంటే చివర కమలాకర్ మనుషులు తిన్నారు. అమృతమ్మ చేతులు కడుక్కుని గాజులు వేసుకుంటూ, మనవరాలి పెళ్లికి కూడా రావాలని, నడుం గుడ్డలో దోపిన ఆ కవర్ల పిచ్చి మాత్రం వద్దని చెప్పి పంపింది. బషీరమ్మ అరచేతులు ఎర్రగా కమిలాయి. మెహ్రీన్ ఫోన్ చేస్తే ఆ సంగతి మాత్రం చెప్పలేదు. ఒక నాయనమ్మ పట్టుచీరతో రొట్టెలు కొట్టిందని, కొత్తకోట వాళ్లు మందంగా తింటారని చెప్పి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో వ్యాను జడ్చర్ల దగ్గర చాయ్ కోసం ఆగింది. కమలాకర్ తనే గ్లాసు తెచ్చి ఆమెకిచ్చాడు. వచ్చే వారం దేవరకొండలో పెళ్లుందని, ఆ తర్వాత మిర్యాలగూడలో రెండున్నాయని, రొట్టెల స్టాలు ఆమెదేనని నేల చూస్తూ చెప్పాడు. పిండి ఎంత తెప్పించాలని కూడా అడిగాడు.

బషీరమ్మ చాయ్ ఊది ఒక గుక్క తాగింది.

"పిండి నువ్వు తెప్పియ్యకు కొడుకా. జొన్నలు నావి, గిర్ని నాది, పెండ్లినాడు పొద్దున పట్టిస్త. నువ్వొక్క పని చెయ్యి. పెండ్లికి ఎంతమంది వస్తరని అడగకు. నలభై ఐదు దాటినోళ్లు ఎంతమంది వస్తరో అడిగి నాకు చెప్పు."

కమలాకర్ జేబులోంచి ఫోను తీసి, దేవరకొండ వాళ్లకు అక్కడికక్కడే కలిపాడు.