పాప చేతిలో నిండు గ్లాసు

ప్రతి ఉదయం ముఖం కడుక్కోగానే చిన్నోడు కంప్యూటర్ తెరిచి, తెర మీద ఒక పాపను ఎడమవైపు గోడ దగ్గర నుంచి కుడివైపు తలుపు దాకా నడిపించేవాడు. పాప చేతిలో నిండు గ్లాసు నీళ్ళుంటాయి. చుక్క ఒలకకుండా తలుపు దాటితే ఆ రోజు మంచిదని అతని నమ్మకం. పక్క గదిలో వదిన దేవుడికి దణ్ణం పెట్టుకునేదీ ఆ వేళకే. తర్వాత ఇద్దరూ వంటింట్లో కలుసుకునేవారు. "దాటిందా?" అని ఆమె అడిగేది. "దాటింది" అనేవాడు అతను. అంతటితో ఆ ఇంట్లో తెల్లవారినట్టు.

పేరుకే చిన్నోడు. చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. వీధి మలుపులోని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి చట్రాల్లో బిగించడం అతని ఉద్యోగం. ముసలివాళ్ళెవరైనా మర వదులైందని వస్తే కూర్చోబెట్టి, బిగించి, అద్దాలు తుడిచి, తన చేత్తోనే వాళ్ళ చెవులకు తగిలించి పంపేవాడు. వాళ్ళు గుమ్మం దాటేదాకా చూస్తూ నిలబడేవాడు. అలాంటి మనిషిని దేవుడు చల్లగా చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆటలు తయారుచేయడం అతని సొంత ముచ్చట. తలపెట్టింది ఒకే ఒక్క ఆట. పెద్ద ఇంటి పై అంతస్తులో తాత జబ్బుగా పడుకుని ఉంటాడు. పాప కింది నుంచి నీళ్ళు తీసుకెళ్ళాలి. దారిలో తడి మెట్లు, కాళ్ళకు అడ్డం పడే పిల్లి, దబాలున మూసుకునే తలుపులు. బొమ్మలన్నీ వదినవి. ఆమె ఒక ప్రెస్సులో బడి పుస్తకాలకు ఆకు ఈనెలు, గుండె గదులు, కప్ప కాళ్ళు గీసే పని చేసేది. ఆ ఇంటికి కోడలై వచ్చేనాటికి చిన్నోడు బడి సంచి మోస్తున్నాడు. అప్పట్లో అతని సైన్సు పుస్తకంలో బొమ్మలు వేసిపెట్టిన చెయ్యే ఇప్పుడు ఈ పాపనూ వేసింది.

ఆటలు కట్టే సాఫ్ట్‌వేరును ఆ పనివాళ్ళు ఇంజన్ అంటారు. చిక్కంతా అక్కడ వచ్చింది. మొదట అతను అందరూ వాడేదాన్నే పట్టుకున్నాడు. ఏ సందేహం వచ్చినా నెట్‌లో అంతకు ముందే ఎవరో అడిగి ఉండేవారు, ఎవరో ఓపిగ్గా జవాబు చెప్పి ఉండేవారు. ఆటలో కింది అంతస్తు పూర్తయ్యేసరికి ఆ ఇంజన్ తయారుచేసే కంపెనీ తన షరతులు మార్చింది. రేపు ఇంకేం మారుస్తారోనన్న దిగులు పట్టుకుంది. రెండోది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో కూడి కట్టి, అందరికీ ఊరికే ఇచ్చేసినది. ఆ మంచితనానికే అతని మనసు కరిగింది. అందులో తల, చేతులు, కాళ్ళు విడివిడిగా ఇస్తే కీళ్ళ దగ్గర కలిపి బొమ్మను సులువుగా ఆడించవచ్చు. వదిన పాపను ముక్కలుగా మళ్ళీ గీసింది. తీరా చూస్తే అతని పాత కంప్యూటర్ మీద పాప ఆగి ఆగి నడిచింది. అంతలో మూడోది కంటబడింది. తేలికైనది, చిన్న ఆటల కోసమే చేసినది. దానికి గళ్ళ కాగితం మీద గడి గడికీ రంగు నింపిన బొమ్మలైతే బాగుంటాయన్నారు. వదిన గళ్ళ కాగితం తెచ్చుకుంది.

ప్రతి మార్పుకూ అతని దగ్గర ఒక కారణం ఉంది. ఏ ఒక్కటీ అబద్ధం కాదు.

అన్న సిటీ బస్సు డ్రైవరు. అన్నం ముందు కూర్చుని ఎగతాళి చేసేవాడు. "మా బండి ఒక్క ఇంజన్‌తో ఊరంతా తిరిగొస్తుంది రా. నువ్వు మూడు మార్చావు, నీ పాప ఇంకా మొదటి మెట్టు ఎక్కలేదు. ఆ తాత గొంతు ఎండిపోయి ఉంటుంది." అందరూ నవ్వేవారు, చిన్నోడితో సహా.

ముక్కల బొమ్మలు గీస్తున్న రోజుల్లోనే గీతల్లో సన్నటి వణుకు వచ్చింది. అది ముందుగా చూసింది చిన్నోడే. సంబరపడిపోయాడు. "ఎక్కడ ఒలుకుతుందోనని పాప భయపడుతున్నట్టే ఉంది వదినా. ఇది నాకు తట్టనే లేదు" అన్నాడు. వదిన ఆ కాగితాన్ని కాసేపు చూసి, "అలాగైతే ఉంచెయ్" అని గిన్నెలు కడగడానికి లేచింది. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఉల్లిపాయలు తరుగుతుంటే తెగిందని చెప్పింది. అతను నమ్మాడు.

గళ్ళ బొమ్మలు సగంలో ఉండగా, రెండో ఇంజన్‌కు కొత్త రూపం వచ్చిందని, అది పాత కంప్యూటర్ల మీద కూడా ఆగకుండా నడుస్తుందని చిన్నోడు చదివాడు. మర్నాడు వంటింట్లో నసుగుతూ సంగతి చెప్పాడు. ముక్కల బొమ్మల్లో కొన్ని మళ్ళీ కావాలన్నాడు. "సరే చిన్నోడా, ఆదివారం కూర్చుంటాను" అంది వదిన. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న అన్న ఒక్కసారి తలెత్తి చూసి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అన్న నేరుగా తమ్ముడి గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"మీ వదిన సీసా మూత నా చేత తీయించుకుంటోంది రా. జడ కూడా నేనే వేస్తున్నాను, నాకు చేతనైనట్టు. బొటనవేలు కీలు అరిగిపోయిందన్నాడు డాక్టరు. కొన్నాళ్ళు పెన్సిలు పట్టకపోతే నిలబడుతుందట. ప్రెస్సులో సెలవడిగింది. నీ పని మాత్రం మాననంటోంది."

"నాతో అనలేదేం?"

"చెప్తే నువ్వు ఆట మానేస్తావని నా నోరు కూడా కట్టేసింది." అన్న కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఊళ్ళో అందరి కళ్ళకీ అద్దాలు బిగిస్తావు కదరా. పక్కన కూర్చుని వడ్డించే మనిషి చెయ్యి నీకు కనబడలేదా?"

అన్న లేచి వెళ్తూ, తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చి, తమ్ముడి తల మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

అతను అట్టపెట్టె దించి బొమ్మలన్నీ గీసిన వరసలో మంచం మీద పరిచాడు. అద్దం మీద వెంట్రుకంత గీతను పట్టుకునే కన్ను అతనిది. మొదటి బొమ్మల్లో గీతలు లాగి కట్టిన దారంలా ఉన్నాయి. తర్వాత గ్లాసు దగ్గర వణికాయి. తర్వాత పాప జుట్టు వణికింది. ఆ తర్వాత గోడకు ఆనించిన కుర్చీ కాళ్ళూ వణికాయి. నీళ్ళు పట్టుకున్న పాప వణికితే అర్థముంది. కుర్చీకి ఏం భయం?

ఆ వరస మొదట్లో మొదటి ఏడాది వేసిన బొమ్మలు, ముక్కలు చేయనివి, ఆట మొత్తానికీ సరిపడా ఉన్నాయి. తాత లేచి కూర్చుని గ్లాసు అందుకునేది కూడా. వాటి ఫొటోలు తీసి, తన దగ్గరున్న రెండో ఇంజన్‌లో పెట్టి చూశాడు. పాప నడిచింది. కాస్త ఆగి ఆగి అయినా నడిచింది. మూడోదాంట్లో పెట్టాడు. అందులోనూ నడిచింది. ముక్కలూ గళ్ళూ కావాలన్నది ఏ ఇంజనూ కాదు, తనే. భగవంతుడా అనే అలవాటు అతనికి లేదు. ఆ పూట అన్నాడు.

ఏ ఇంజన్ మేలన్న ప్రశ్న తీరలేదు. అది ఎప్పటికీ తీరదని మాత్రం తెలిసింది. నలుగురూ కూడి ఇచ్చిన ఆ రెండోదే చాలనుకున్నాడు, పాతదే, ఉన్నది ఉన్నట్టు. కానీ అతనికి ఇప్పుడు ఇంజన్ల మీద కాదు, తన మీదే భయం. మరో నెలకు మరో మంచి కారణం దొరుకుతుంది. దొరికితే మళ్ళీ వంటింటి గుమ్మంలో నిలబడతాడు. ఆమె మళ్ళీ సరే అంటుంది.

మర్నాడు పొద్దున అతను పాపను నడిపించలేదు. వంటింట్లోకి వెళ్ళి వదిన చేతిలోని కత్తి తీసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు. ఆమెకు అర్థమైపోయింది.

"మీ అన్న కడుపులో మాట దాగదు" అంది.

"కుర్చీ కాళ్ళు చూశాను వదినా."

"అవి చెరిపేసి మళ్ళీ వేద్దామనుకున్నాను. అంతలో నువ్వు బాగుందన్నావు. ప్రెస్సులో ఈ మధ్య ఆ మాట ఎవరూ అనడం లేదు." ఆమె ముఖం తిప్పుకుని పొయ్యి మంట తగ్గించింది. ఉల్లిపాయల వంక పెట్టుకుని అతనూ కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత కంప్యూటర్ తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. కొత్త సాఫ్ట్‌వేరు ఏది ఎక్కించాలన్నా అడిగే పాస్‌వర్డ్ ఒకటుంటుందని చెప్పి, దాన్ని మార్చే చోటు తెరిచి చూపించాడు.

"ఇందులో నీకు తోచిన మాట ఏదైనా ఎడంచేత్తో కొట్టు వదినా. నాకు చెప్పకు. నేనెంత బతిమాలినా, ఎంత మంచి కారణం చెప్పినా చెప్పకు."

"ఎన్నాళ్ళు?"

చిన్నోడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"పాప తాతకి నీళ్ళిచ్చేదాకా."