ఎదురింటి బాల్కనీలో గుడ్లగూబ

అదేగా నేనూ మొత్తుకుంటున్నది! గుడ్లగూబ పగలు కదలదు. ఆ ఒక్క నిజాన్ని నమ్ముకున్నందుకే, స్కూలంతటి ముందు నా పరువు మూడో అంతస్తు నుంచి కింద పడింది.

బెంగళూరు బెళ్ళందూరులోని మా స్కూల్లో ఆరో తరగతికి నేచురల్ హిస్టరీ అని కొత్త సబ్జెక్టు పెట్టారు. ఫోన్ నిండా పిట్టల ఫొటోలే ఉన్నాయని టీచరుగా నన్ను వేశారు. "నెలాఖరుకి పేరెంట్స్ ముందర డెమో క్లాసు ఉండాది. బాగుంటే సబ్జెక్టు ఉంటాది, లేకుంటే ఆ పీరియడ్ కోడింగ్‌కి పోతాది. చూసుకోమ్మా" అన్నారు ప్రిన్సిపల్ మేడం.

మా క్లాసు కిటికీకి ఎదురుగా అపార్ట్‌మెంటు. మూడో అంతస్తు బాల్కనీ గోడ మీద గుడ్లగూబ! ఫోన్ గురిపెట్టాను. పిట్టల్ని గుర్తుపట్టే యాప్ ఉందిగా, ఫోన్ కూడా గుడ్లగూబే అంది. ఇంకేం కావాలి? రోజూ దాన్ని గమనించడమే పిల్లలకు పని.

"మిస్, అది అస్సలు కదలట్లేదు" అంది దీక్షిత.

"పగలు నిద్రపోతుంది."

"నిన్న అంత వానలో కూడానా?"

"గాఢ నిద్ర."

"కళ్ళు తెరిచే ఉన్నాయి మిస్."

"టీచర్ నువ్వా, నేనా? సైన్సుకి ఓపిక కావాలి. కూర్చో!"

ఓపిక గురించి అంత గట్టిగా అరిచిన మనిషి బెంగళూరులో ఇంకొకరు ఉండరు.

డెమో రోజు గోడ వెంబడి పేరెంట్స్, మధ్యలో మేడం. గొంతు సవరించుకున్నాను. "ఇంత ట్రాఫిక్ మధ్య, మన కళ్ళెదుట ఒక వేటపక్షి..." అంటుండగానే ఒక పావురం వచ్చి సరిగ్గా దాని నెత్తిన వాలింది.

"చూశారా, వేటపక్షికీ దాని ఆహారానికీ ఎంత స్నేహమో!" అన్నాను.

"మిస్, పావురం దాని నెత్తిన పుల్లలు పేరుస్తోంది. గూడు కట్టుకుంటోంది" అంది దీక్షిత.

"ఓపిక..."

వెనక నుంచి ఒకావిడ నెమ్మదిగా చెయ్యెత్తారు. "ఆ ఫ్లాట్ మాదేనండి. పావురాలు రాకుండా ప్లాస్టిక్ గుడ్లగూబ ఆర్డర్ పెట్టాం. రోజూ మా బాల్కనీకి ఫోన్ గురిపెట్టేది మీరేనా? సెక్యూరిటీకి కంప్లైంట్ కూడా ఇచ్చాం."

ఫోన్ చూసుకున్నాను. అది ఇంకా గుడ్లగూబే అంటోంది.

మేడం లేచారు. "పిల్లోళ్ళు బలే గమనిస్తా ఉండారు. సబ్జెక్టు ఉండనీ. సోమవారం నుంచి నువ్వు దీక్షిత పక్కన కూర్చోమ్మా."

ఆ పూటే బోర్డు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ పక్షినైనా సరే, స్వయంగా ఎగిరి చూపించేదాకా పక్షి అనను.

కానీ ఒక్క మాట. గుడ్లగూబ పగలు కదలదన్నాను, నెలంతా అది కదల్లేదు. నా పాఠంలో తప్పెక్కడుందో చెప్పండి చూద్దాం?