తడి అరచెయ్యి

సాగర్ నీళ్లొచ్చిన కొత్తలో, మిర్యాలగూడలో మా ఇల్లూ పక్కిల్లూ గోడకు గోడ ఆనించి కట్టిన మేస్త్రి, పునాదికి ముగ్గు పోసేముందు అరచెయ్యి తడిపి గాలికి పట్టేవాడు. చెయ్యి చల్లబడ్డ వైపే అరుగు.

నాకది చాదస్తం అనిపించింది. "అరుగొద్దు. ఆ జాగల ఇంకో అర్ర ఎయ్యి" అన్నాను.

"గాలి ఆగుతది సేటూ" అన్నాడు. నేను వినలేదు. పక్కింటాయన విన్నాడు.

ఎండాకాలం వచ్చేసరికి వీధంతా వాళ్ల అరుగు మీదే. మా అమ్మ కూడా! కుళ్లుకుని చచ్చాను.

ఒక మధ్యాహ్నం మా గోడ పెచ్చులు బాగుచేయడానికొచ్చిన మేస్త్రి, సద్దిమూట పట్టుకుని పక్కింటి వైపు నడిచాడు.

"గీడ తినరాదు?" అన్నాను.

"గాడ సల్లగుంటది సేటూ. మీరు గూడ రాండ్రి."

నేను పోలేదు. అరుగుకు బదులు వేయించిన ఆ గదిలోకెళ్లి తలుపేసుకుని, నా అరచెయ్యి తడిపి పట్టుకున్నాను. ఎంతసేపటికీ ఆరలేదు.