ఎత్తకూడని ఫోను

కెమెరా ఫోన్లు మా పల్లెలకు కొత్తగా వస్తున్న రోజుల్లో నేను గోపాల్‌పేట దగ్గరి ఒక హైస్కూల్లో తెలుగు పంతులును. ఒక్కరోజు శిక్షణకు పోయొచ్చిన పాపానికి కంప్యూటర్ గది తాళంచెవి కూడా నాకే ఇచ్చారు. శిక్షణ ఒక రోజు, శిక్ష ఏడాది పొడుగునా.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ప్రార్థనలో ప్రతిజ్ఞ చెబుతూ "ప్ర" దగ్గరే నత్తి వచ్చి ఆగిపోయింది. ఎవరో ఫోన్లో తీశారు. బ్లూటూత్ మీద రెండ్రోజుల్లో ఊరంతా పాకింది. హోటల్లో చాయ్ తాగుతుంటే నాకూ చూపించారు. ఆ పిల్ల బడి మానేసింది.

ఆమె అమ్మానాన్నలు పుణెకు పనికి పోతూ అవ్వ దగ్గర వదిలిన ఫోనుకు "ప్ర ప్ర ప్ర" అని మెసేజులు వస్తున్నాయట. వారంలోపు బడికి పోకపోతే తమతో పనికి తీసుకుపోతామని అమ్మానాన్నలు చెప్పారట. నేను ఇంటికి వెళ్తే పిల్ల తలుపు చాటు నుంచి రాలేదు. మాట్లాడటమే ఆ పిల్లకు కష్టమని నాకు అప్పుడు తట్టింది.

"మాట్లాడకు బిడ్డా, మిస్డ్ కాల్ ఇయ్యి. బాగుంటె ఒకటి, బాగలేకుంటె రెండు. నేను మెసేజ్ పెడత."

సాయంత్రం ఫోను మోగింది. అలవాటుకొద్దీ ఎత్తి హలో అన్నాను. అవతల ఊపిరి మాత్రం వినిపించి, కట్టయింది.

"మిస్డ్ కాల్ ఎత్తెటోల్లను మిమ్మల్నే చూసిన," అంది మా ఆవిడ.

ఇక ఎత్తనని క్షమాపణ మెసేజు పెట్టాను. ఆ మీటలు ఒత్తడానికి పావుగంట పట్టింది. తర్వాత రోజూ రెండేసి కాల్సే. ఆ రోజు ఏ పాఠం చెప్పానో, ఎవరు నిద్రపోయారో రాసేవాణ్ని. నాలుగో రోజు తననుంచే మెసేజు వచ్చింది.

"సార్, మీరు గూడ చూసి నవ్విన్రా?"

ఏళ్లుగా వ్యాసరచన నేర్పినవాణ్ని, రెండు మాటల జవాబును మూడుసార్లు రాసి చెరిపేశాను. చివరికి రాశాను: "నవ్విన. సిగ్గయితుంది."

మర్నాడు తరగతిలో నేను నవ్విన సంగతే చెప్పి, ఫోన్లున్నవాళ్ల చేత వీడియో తీసేయించాను. హోటల్‌కూ వెళ్లి తీసేయించాను. ఆ సాయంత్రం ఒక కాల్ కూడా రాలేదు. పుణెకు పోయిందనుకున్నాను.

పొద్దున ప్రార్థనలో వెనక వరుసలో కనిపించింది.

"నిన్న కాల్ రాలేదేంది బిడ్డా?"

"నేనే వ... వ... వచ్చిన గద సార్."

ఆ మాట పూర్తయ్యేదాకా వరుసలో ఎవరూ నవ్వలేదు. నేనైతే ఊపిరి కూడా తీయలేదు.