మైపాడు సముద్రం, మా తమ్ముడు

మా చిన్నప్పుడు పెన్నలో నీళ్ళు కనబడేవి కావు... తవ్వుకోవాల్సి వచ్చేది. ఎండాకాలం వస్తే ఊళ్ళో ఆడవాళ్ళంతా కడవలు తీసుకుని ఏట్లోకి దిగి, ఇసుకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళను చిప్పతో తోడుకునేవాళ్ళు. ఒక కడవ నిండడానికి అరపూట పట్టేది.

సంకలో బిడ్డ ఉంటే చెలమ తవ్వలేరు కదా... అందుకని పక్కనే తడి ఇసుకలో చిన్న గుంట తీసి, పాత చీర పరిచి, బిడ్డను అందులో పడుకోబెట్టేవాళ్ళు. పైన ఎంత ఎండ కాసినా కింద చల్లగా ఉండేది. నేనూ అట్లా పెరిగినదాన్నే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అంటే యాభైల్లో అనుకోండి, మా చిన్నమ్మ వాళ్ళింటికి మైపాడు పోయాం. నెల్లూరు అవతల సముద్రం ఒడ్డు ఊరు. నాయన, అమ్మ, నేను, పది నెలల తమ్ముడు. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయాక నిలిచిన మగబిడ్డ వాడు. మా నాయనమ్మను అవ్వ అనేవాళ్ళం... అవ్వకు వాణ్ణి పంపడం ఇష్టమే లేదు. బస్సెక్కేదాకా అమ్మకు జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

చిన్నమ్మ వాళ్ళింట్లో మూడు పూటలా వరి అన్నమే! మాకేమో అది పండగ తిండి... ఇంట్లో రోజూ జొన్న సంగటి, కొర్ర బువ్వ. చిన్నమ్మ మామిడికాయ ముక్కలు వేసి చేపల పులుసు చేసేది. తెల్లారి చద్దన్నంలోకి ఆ నిన్నటి పులుసు ఇంకా బాగుండేది. కరువులో నుంచి వచ్చినట్టు తింటున్నామని చిన్నమ్మ పిల్లలు నవ్వేవాళ్ళు. కరువులో నుంచే వచ్చాం మరి, ఏం చేస్తాం.

సాయంత్రాలు సముద్రమే. అలల వెంట పరుగులు, గవ్వలు ఏరడం, తాటిముంజలు బొటనవేలితో పొడిచి జుర్రుకోవడం... మొదటి రోజు అలవాటు కొద్దీ ఒడ్డున చెలమ తీసి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని అంతా ఉమ్మేశాను.

మూడో రోజు అమ్మ, చిన్నమ్మ చేపలు కొనడానికి పడవల దగ్గరికి పోయారు. నాయన, చిన్నాయన దూరంగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. తమ్ముణ్ణి నా సంకకెత్తి, కింద దించొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. కాసేపు ఎత్తుకునే ఉన్నాను. చిన్నమ్మ పిల్లలేమో పీతల వెంట పడుతున్నారు... అవి బొక్కలోకి దూరేలోపు పట్టాలి, అదీ ఆట. వీడు చూస్తే నిద్రపోయాడు. చేతులు లాగేస్తున్నాయి. నాకు ఏడుపొచ్చేంత ఆశ.

అలలకు నాలుగు బారల ఇవతల ఇసుక తడిగా, నున్నగా ఉంది. మా ఏట్లో చూసినట్టే గుంట తీసి, తువ్వాలు పరిచి, వాణ్ణి పడుకోబెట్టాను. చల్లగా నిద్రపోతాడులే అనుకున్నాను. అలలు వచ్చి పోతాయని మూడు రోజులుగా చూస్తూనే ఉన్నా, సముద్రమే ముందుకు జరుగుతుందని మా ఊళ్ళో ఎవరికి తెలుసు...

ఎంతసేపయిందో తెలీదు. ఎవరిదో కేక వినబడి తిరిగి చూస్తే గుంట లేదు... అంతా నీళ్ళే. ఒక ముసలావిడ చేపల గంప పడేసి, నీళ్ళలోంచి మా తమ్ముణ్ణి కాళ్ళు పట్టి పైకెత్తింది. తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. వాడు ఏడవడం లేదు. నేను నిలబడ్డ చోటే పావడా తడుపుకున్నాను. ఆమె చరుస్తూనే ఉంది... చివరికి ముక్కుల్లోంచి నీళ్ళు కారి, సన్నగా మూలిగాడు.

అంతలో అందరూ పరిగెత్తుకొచ్చారు.

"ఎవురు పండబెట్టినారు వీణ్ణి ఈడ?" అన్నాడు నాయన.

అమ్మ నా వైపు చూసింది. నా చేతుల నిండా ఇసుక.

"పోతా పోతా నేనే పండబెట్టినా. మన ఏట్లో మాదిరే అనుకుంటి" అంది.

చిన్నమ్మకు నిజం తెలుసు. అయినా తల దించుకుంది. నాయన అందరి ముందూ అమ్మను కొట్టాడు. ఇంటికి నడిచే దారిలో అమ్మ నా చెవి దగ్గర ఒకటే మాట అంది.

"నువ్వు నోరు తెరవాకు. నిన్ను బతకనియ్యరు."



మరుసటి రోజే ఊరికి తిరిగొచ్చాం. సంగతి విని అవ్వ బిడ్డను అమ్మ చేతుల్లోంచి లాక్కుంది. ఆ తర్వాత పాలిచ్చే వేళ తప్ప వాణ్ణి అమ్మకు ఇచ్చింది లేదు. వాడు అవ్వ పక్కలోనే పడుకున్నాడు, అవ్వ పెట్టిన ముద్దే తిన్నాడు. మీయమ్మ నిన్ను నీళ్ళ ఒడ్డున పడేసి చేపలు కొనబోయిందని అవ్వ చెబితే అదే నమ్మి పెద్దవాడయ్యాడు. అమ్మతో ఎప్పుడూ తగువు పడలేదు... నోరారా మాట్లాడిందీ లేదు. అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రికి చుట్టంలా వచ్చి, పండ్లు పెట్టి పోయాడు. అమ్మ ఆ పండ్లు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నేనప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చిన్నప్పుడు భయం, పెళ్ళయ్యాక సిగ్గు, ఆ తర్వాత ఇన్నేళ్ళకు ఎందుకులే అని... నిజం చెప్పాలంటే పిరికితనం.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటింటికీ కొళాయి. చెలమ అంటే మా మనవళ్ళకు తెలీదు. సెలవొస్తే కార్లేసుకుని మైపాడు పోయి ఫోటోలు పెడతారు. ఒడ్డున కూర్చున్న పసిపిల్లలు కనబడితే నేను ఫోన్ పక్కన పెట్టేస్తాను. మీ ఇళ్ళల్లోనూ ఒకరి తప్పు ఇంకొకరి మీద ఉండిపోయి ఉంటే, వాళ్ళు బతికుండగానే చెప్పేయండి... నేను చెప్పలేకపోయాను.

తమ్ముడు నా ప్రతి పోస్టూ చదివి, కింద దండం బొమ్మ పెడతాడు. ఈ మాట చెబుదామని మొన్న మూడుసార్లు వాడికి ఫోన్ చేసి, వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

రేయ్ చిన్నోడా... నిన్ను ఆడ పండబెట్టింది అమ్మ కాదు, నేను. ఈసారి దండం పెట్టాకు. ఫోన్ చెయ్... తిట్టేదానికైనా సరే.