దీవిలో ఉండిపోయిన మా ఆంటీ

పోయిన నెలలో ఒక సోమవారం ఉదయం, మిషిగన్‌లోని నోవైలో, ఆఫీస్‌కి బయల్దేరుతూ కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. అంకుల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా ముందు మా బాబు గురించి అడుగుతారు. ఆ రోజు అడగలేదు. "అమ్మా, మీ ఆంటీ వెళ్ళిపోయింది. రేపు మధ్యాహ్నం భూస్థాపన," అన్నారు. సగం గీకిన అద్దం అలాగే వదిలేసి ఇంట్లోకి వెళ్ళాను.

ఆంటీ నాకు బంధువు కాదు. మా తెలుగు చర్చి సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ ఆంటీయే. నరసాపురం దగ్గర పుట్టి, నర్సు చదువు చదివి, కార్ల కంపెనీలో ఇంజనీరైన అంకుల్ వెంట మిషిగన్ వచ్చారు. ఇక్కడే ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. నాకు బాబు పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే ఆంటీ బట్టల సంచీతో వచ్చి, నెల దాటినా కదల్లేదు. ఒకనాడు పిల్లాడు పాలు పట్టడం లేదని నేను ఏడుస్తూ మోకాళ్ళ మీద ఉంటే, పక్కన కంచం పెట్టి కూర్చున్నారు.

"ప్రార్థన చెయ్యమ్మా, వద్దనను. ముందు అన్నం తిను. ఖాళీ కడుపుతో చేస్తే అన్నీ ఫిర్యాదులే వస్తాయి."

పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవికి రెండేళ్ళు మిషన్ సేవకి వెళ్దామని ఆవిడ అన్నప్పుడు అంకుల్‌కి అసలు ఇష్టం లేదు. ఆదివారం ఆరాధన తర్వాత వాళ్ళింట్లో భోంచేస్తున్నాం.

"మనవళ్ళతో ఆడుకునే వయసులో దీవులేంటే? నీకు ఈత కూడా రాదు," అన్నారాయన.

ఆంటీ నాకు చారు పోస్తూ, ఆయన వైపు చూడకుండానే జవాబిచ్చారు. "మీ ఉద్యోగం వెంట నేను ఇన్నేళ్ళు మంచులో ఉన్నాను. రెండేళ్ళు నా వెంట ఎండలోకి రండి."

ఆ వేసవిలో ఇద్దరూ వెళ్ళారు.

అక్కడ చర్చి పక్కన ఒక రేకుల ఇల్లు, దాని వెనక ఒక గది క్లినిక్. దీవిలో చాలామందికి షుగరు. వట్టి కాళ్ళతో పగడపు రాళ్ళ మీద నడుస్తారు, గుచ్చుకున్నా తెలియదు, పుండు పడితే సిగ్గుపడి దాచుకుంటారు. ఒక ముసలావిడ అయితే ఆంటీ కనిపిస్తే చాలు, కాళ్ళు చాప కింద పెట్టుకునేదట. ఆంటీ రోజూ వెళ్ళి ఊరికే పక్కన కూర్చునేవారు. ఒకరోజు తన కాళ్ళు చాపి, మిషిగన్ చలికి బీటలు పడిన మడమలు చూపించారు. ఆ ముసలావిడ నవ్వి, నెమ్మదిగా తన పాదం బయటికి పెట్టింది.

"నొప్పి ఎక్కడని అడగడం కాదమ్మా, ఎప్పట్నుంచి అని అడగాలి," అని వీడియో కాల్‌లో చెప్పారు. అప్పుడు ఆవిడ ఒళ్ళో ఎవరిదో పాదం ఉంది. గుడ్డతో తడి అద్దుతూ మాట్లాడుతున్నారు. పుండు చూడలేని అంకుల్ మొహం పక్కకి తిప్పుకుని గోరువెచ్చటి నీళ్ళు పోస్తున్నారు. చింతపండు అయిపోయిందని చేపల పులుసు నిమ్మరసంతో పెట్టారట. "మీ అంకుల్‌ని అడుగు, ఎలా ఉందో," అన్నారు. ఆయన తల తిప్పకుండానే, "పులుసు అనకపోతే బాగానే ఉంది," అన్నారు. ఆంటీ భుజాలు కదిలేలా నవ్వారు.

ఈ వేసవికి తిరిగి రావాల్సినవాళ్ళు.

ఆంటీ పోయిన రోజు సాయంత్రం చేయి లాగుతోందని పడుకున్నారట. మాట తడబడింది. దీవిలో డాక్టరు లేరు, విమానం వారానికి ఒక్కసారే వస్తుంది. అంకుల్ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తెలిసినవాళ్ళందరికీ కట్లు కట్టిన మనిషికి చెయ్యడానికి అక్కడ ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది.

శవాన్ని ఉంచే ఏర్పాటు కూడా లేదు కాబట్టి అక్కడే భూస్థాపన చెయ్యాల్సి వచ్చింది. న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉన్న వాళ్ళ అబ్బాయి ఎంత త్వరగా బయల్దేరినా అందుకోలేడు. నా వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలేదు, దేశం దాటి వెళ్ళలేను. అందరం ఫోన్‌లోనే చూశాం. నెట్‌వర్క్ ఆగి ఆగి వచ్చింది. ఆగినప్పుడల్లా పెట్టె ఇంకా పైనే ఉన్నట్టు కనిపించేది. కదిలినప్పుడు మట్టి పడుతూ ఉండేది. ఆగిపోతే బాగుండునని అనుకున్నాను.

మా సంఘంలో జ్ఞాపకార్థ కూడిక పెడితే అబ్బాయి నోవై వచ్చాడు. పాటలయ్యాక తండ్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, అతని తెలుగు అంతంత మాత్రం.

"డాడీ, ప్లీజ్, ఇంటికి వచ్చెయ్. టికెట్ నేను బుక్ చేస్తా," అన్నాడు. ఆ వెంటనే, "మమ్మీని అంత దూరంలో ఎలా లీవ్ చేశావ్ డాడీ?" అన్నాడు.

అవతల సముద్రం హోరు వినిపిస్తోంది.

"వదల్లేదురా," అన్నారు అంకుల్. "నేనూ ఇక్కడే ఉన్నాను కదా."

మొన్న అక్కడి పాస్టర్ గారి భార్య నాకో చిన్న వీడియో పంపింది. అంకుల్‌కి తెలియకుండా కిటికీలోంచి తీసిందట. దీవి మీద పెద్ద వాన. చర్చి వెనక, సముద్రానికి దగ్గరగా, ఇంకా గట్టిపడని ఇసుక దిబ్బ. దాని పక్కన అంకుల్ నిలబడి ఉన్నారు. చొక్కా వంటికి అతుక్కుపోయింది, కళ్ళజోడు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో గొడుగు ఉంది. దాన్ని ఆ దిబ్బ మీదికి, తలవైపున, చాచి పట్టుకున్నారు. గాలికి గొడుగు ఒరిగినప్పుడల్లా రెండు చేతులతో సరిచేస్తున్నారు.

వాన ఎప్పుడు తగ్గిందో వీడియోలో లేదు.